టీమ్ మెయిల్ నుంచి ఆఫీసు న్యూస్‌లెటర్ పంపడం ఎలా?

ప్రశ్న: విజయవాడ ఆఫీసు నుంచి గుంటూరు బ్రాంచి వాళ్లకి కూడా ప్రతి నెలా న్యూస్‌లెటర్ పంపుతాం. టీమ్‌లో నలుగురికీ ఒకటే మెయిల్, ఒకటే పాస్‌వర్డ్. ఇలా చేయొచ్చా?

మెయిల్ ఒకటే ఉండటంలో తప్పేం లేదండీ. పాస్‌వర్డ్ ఒకటే కావడంతోనే తంటా. ఓటీపీ ఒకరి ఫోన్‌కే వస్తుంది. ఆయన బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మిగతా ముగ్గురూ చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. పైగా ఏ మెయిల్ ఎవరు పంపారో తేలదు.

మీది మైక్రోసాఫ్ట్ 365 అయితే అడ్మిన్‌తో షేర్డ్ మెయిల్‌బాక్స్ పెట్టించుకోండి. 50 జీబీ వరకు దానికి విడిగా లైసెన్సు అక్కర్లేదు. ఎవరి లాగిన్‌తో వాళ్లే తెరుచుకుంటారు. పంపే అనుమతి రెండు రకాలు. 'సెండ్ యాజ్' ఇస్తే టీమ్ పేరే కనిపిస్తుంది, 'సెండ్ ఆన్ బిహాఫ్' ఇస్తే పంపిన మనిషి పేరూ కనిపిస్తుంది. న్యూస్‌లెటర్‌కి మొదటిదే నయం.

చాలామంది చూసుకోని సంగతి ఒకటుంది. పంపిన కాపీ మామూలుగా పంపినవారి సొంత సెంట్ ఐటమ్స్‌లోకి వెళ్తుంది, టీమ్ మెయిల్‌బాక్స్‌లోకి కాదు. ఇంకా వెళ్లలేదనుకుని ఇంకొకరు మళ్లీ పంపేస్తారు! అడ్మిన్ సెట్టింగ్ మారిస్తే రెండు చోట్లా ఉంటుంది.

మామూలు ఉచిత జీమెయిల్ అయితే రోజుకి 500 మెయిళ్లు దాటితే పంపడం ఒక్కోసారి 24 గంటల దాకా ఆగిపోతుంది. ఏది వాడినా అడ్రసులు బీసీసీలోనే (ఒకరి అడ్రసు ఇంకొకరికి కనిపించని గడి) పెట్టండి, లేకపోతే ఎవరైనా 'రిప్లై ఆల్' నొక్కితే 'థాంక్యూ సర్' రిప్లైలు అందరికీ పోతాయి.