హంద్రీని బాగుచేసే చదువు ఉందా?

ప్రశ్న: మాది కర్నూలు. ఎరువుల అంగడి నడుపుతున్నాను. మా పాప ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. నీట్ వద్దంటోంది. బ్యాక్టీరియాతో మురుగునీళ్లు, పాడైన నేల బాగుచేసే చదువు చదువుతానంటోంది. హంద్రీ నది వంతెన దాటిన ప్రతిసారీ ఇదే మాట. దీనికి ఉద్యోగాలుంటాయా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ పాప చెబుతున్నదాన్ని బయోరెమెడియేషన్ అంటారు. ఆ పేరుతో డిగ్రీ కోసం వెతక్కండి. ఉద్యోగ ప్రకటనల్లోనూ ఆ మాట అరుదు. పని మాత్రం ఉంది, వేరే పేర్లతో.

ఎరువుల వ్యాపారం మీది కాబట్టి ఈ సంగతి మీకు ఇట్టే అర్థమవుతుంది. 1989లో అలాస్కా దగ్గర ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి ముడిచమురు కారి, ఒడ్డునున్న రాళ్లు నల్లబడ్డాయి. చమురు తినే బ్యాక్టీరియా అక్కడ ముందే ఉంది. చమురు నిండా ఉండేది కార్బనే. బ్యాక్టీరియా పెరగడానికి నత్రజని, భాస్వరం చాలవు. అందుకని ఒడ్డు మీద ఎరువు చల్లారు. బ్యాక్టీరియా పెరిగి, చాలాచోట్ల చమురు త్వరగా విరిగింది. పైరుకు డీఏపీ వేసినట్టే కదా.

అయితే పాపకు ఒక మాట ఇప్పుడే చెప్పాలి. సీసం, క్రోమియం లాంటి లోహాలను తిని మాయం చేసే బ్యాక్టీరియా లేదు. బ్యాక్టీరియా వాటి రూపం మార్చి విషం తగ్గించగలదు, కదలకుండా పట్టి ఉంచగలదు, అంతే. ఆర్సెనిక్‌ను నేల నుంచి లాగే ఒక రకం ఫెర్న్ మొక్క ఉంది. లాగాక ఆ మొక్కనే జాగ్రత్తగా వదిలించుకోవాలి. ఈ హద్దులు తెలియాలంటే కెమిస్ట్రీ గట్టిగా రావాలి. అందుకే బీఎస్సీలో మైక్రోబయాలజీతోపాటు కెమిస్ట్రీ కూడా ఉండే కాంబినేషనే తీసుకోమనండి. కొత్త కొత్త పేర్ల కోర్సులు చూసి మోసపోవద్దు, లోపల ల్యాబ్ ఎంతుందో అడగండి.

ఉద్యోగం ఎక్కువగా మొదలయ్యేది మురుగునీటి శుద్ధి కేంద్రంలో. ఫీజు కట్టేముందు ఒకసారి అనుమతి అడిగి ఇద్దరూ వెళ్లి చూడండి. గాలి ఊదే తొట్టిలో మట్టిరంగు నీళ్లు మరుగుతున్నట్టు ఉంటాయి. అక్కడి ఆపరేటర్ లీటరు సిలిండర్‌లో ఆ నీళ్లు పట్టి, అరగంట కదపకుండా పెడతాడు. బురద మెల్లగా అడుగుకు దిగి, పైన తేట నిలుస్తుంది. ఆ బురదలో చాలావరకు సూక్ష్మజీవులే. ఒకరోజు అది దిగదు. గాలి తగ్గిందా, దారంలా పెరిగే బ్యాక్టీరియా ఎక్కువైందా? మైక్రోస్కోపులో చూసి చెప్పగలిగే మనిషి అప్పుడు కావాలి. మీ పాప ఆ మనిషి కావచ్చు. ఇలా గాలి ఊది బ్యాక్టీరియాతో మురుగు శుద్ధి చేసే పద్ధతి 1914లో ఇంగ్లండ్‌లో మొదలైంది, నేటికీ చాలా పట్టణాల మురుగు దీనితోనే శుద్ధవుతోంది.

మొదటి జీతాన్ని సాఫ్ట్‌వేర్ జీతంతో పోల్చకండి, తక్కువే ఉంటుంది. బీఎస్సీతో ఆపితే అక్కడే ఆగిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ఎమ్మెస్సీ దాకా చదివించే ఉద్దేశంతోనే దిగండి. ఎమ్మెస్సీ సీటు కోసం ఏపీ పీజీసెట్, సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్షలు రెండూ రాయించండి. 2021 నుంచి గేట్‌లో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ పేపర్ కూడా ఉంది. పరిశోధన మీద మనసుంటే సీఎస్ఐఆర్ నెట్ రాసి, నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) లాంటి సంస్థల వైపు వెళ్లొచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి, కాలుష్య నియంత్రణ మండలిలో ఇంజినీరు పోస్టులకు ఇంజినీరింగ్ డిగ్రీ కావాలి, బైపీసీ దారిలో అవి రావు.

నీట్ వద్దన్నందుకు పాపను కోప్పడకండి. ఈలోగా ఆమెకు నిజంగా ఇష్టముందో లేదో తేల్చుకోవడానికి ఒక పని చెప్పండి. చేతికి గ్లవ్స్ వేసుకుని, హంద్రీ ఒడ్డున కాస్త బురద తెచ్చుకోమనండి. చింపిన న్యూస్‌పేపర్ ముక్కలు, ఒక కోడిగుడ్డు పచ్చసొన అందులో కలిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ సీసాలో నింపి, పైన కొంచెం నీళ్లు పోసి, మూత వదులుగా పెట్టాలి. మన ఎండకు నేరుగా పెడితే ఉడికిపోతుంది, వెలుతురు పడే నీడలో ఉంచాలి. నెల, నెలన్నరలో నలుపు, ఆకుపచ్చ, ఒక్కోసారి ఊదా రంగుల్లో పొరలు కట్టడం మొదలవుతుంది. ఒక్కో రంగు వెనకా ఒక్కో సూక్ష్మజీవుల గుంపు ఉంటుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, మిద్దె మీద పెట్టుకోమనండి. ఆ వాసన భరిస్తూ రోజూ వెళ్లి చూస్తోందంటే నాకు మళ్లీ రాయండి, కాలేజీల సంగతి అప్పుడు మాట్లాడదాం.