బట్టలు ఆరలేదంటే చాలదు, ఎన్ని కిలోలు వేశారో తేల్చాలి

ప్రశ్న: విజయవాడలో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. బట్టలు ఆరేసుకునే చోటు లేక 20 నెలల కిందట 8 కిలోల వాషర్ డ్రయర్ కొన్నాం. మొదటి వారం నుంచే బట్టలు తేమగా, ముడతలు పడి వస్తున్నాయి. అమ్మాయి కాటన్ కుర్తాలు రెండు కురచైపోయాయి. టెక్నీషియన్ వచ్చినప్పుడల్లా ‘లోడ్ ఎక్కువ’ అని రాసి సంతకం పెట్టించుకుంటున్నాడు. డ్రమ్ము నిండా వేయకూడదా? హీటర్ కటాఫ్ తీసేస్తే సరిపోతుందని బయటి మెకానిక్ అంటున్నాడు. మేం పడిన మనోవేదనకు ఎంత పరిహారం అడగవచ్చు?

జవాబు: మీ కేసు గెలిచేదీ ఓడేదీ మనోవేదన మీద కాదు, లోడ్ మీద. 8 కిలోలు ఉతికే సామర్థ్యం. ఆరబెట్టే సామర్థ్యం అంతకన్నా తక్కువ. ఇలాంటి చాలా మెషిన్లలో 5 కిలోలే. మాన్యువల్‌లో చూడండి. డ్రమ్ము నిండితే బట్టలు విడివిడిగా దొర్లవు, వేడి గాలి లోపలికి పోదు. మీరు చెప్పిన తేమా ముడతలూ అలాగే వస్తాయి. ‘లోడ్ ఎక్కువ’ అని ఉన్న కాగితం మీద ఇన్నిసార్లు సంతకం పెట్టడం పెద్ద అజాగ్రత్త. రేపు కంపెనీ వినియోగదారుల కమిషన్ ముందు పెట్టేది వాటినే.

కటాఫ్ మాత్రం తీయించకండి. వేడి హద్దు దాటితే హీటర్‌కు కరెంటు ఆపే భాగం అది. అది లేకపోతే లోపల పేరుకున్న నూగు అంటుకుని ఇల్లు కాలిపోయే ప్రమాదం ఉంది. పైగా మెషిన్ విప్పిన మరుక్షణం తప్పు తయారీదా, మెకానిక్‌దా అన్న వివాదం మొదలవుతుంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 38 కింద కమిషన్ ద్వారా ల్యాబ్ పరీక్ష కోరినా ఉపయోగం ఉండకపోవచ్చు.

ఇప్పుడు సాక్ష్యం తయారు చేసుకోండి. ఫిల్టర్ శుభ్రం చేయండి. నీటితో ఆవిరిని చల్లబరిచే రకమైతే ఆరబెట్టేటప్పుడు కూడా కుళాయి తెరిచే ఉండాలి. కట్టేస్తే బట్టలు సరిగా ఆరవు. పొడి బట్టలు 4 కిలోలు తూచి, ఎక్కువ స్పిన్‌తో ఉతికి, పూర్తి డ్రై ప్రోగ్రామ్ నడిపి, మళ్లీ తూచండి. పెరిగిన బరువంతా మిగిలిన నీరే. తూకం, డిస్‌ప్లే కనిపించేలా వీడియో తీయండి, ఫోన్‌లోని అసలు ఫైలు చెరిపేయకండి. ఇదే పరీక్ష టెక్నీషియన్ ఎదుట చేయించి, ఫలితం జాబ్ షీట్‌లో రాయించాకే సంతకం పెట్టండి.

బరువు పెరగకపోతే మెషిన్‌లో లోపం లేదు, తక్కువ బట్టలు వేసుకోండి. కుర్తాల లేబుల్ చూడండి: చదరంలో వలయం, దాని మీద ఇంటూ గుర్తు ఉంటే డ్రయర్‌లో వేయకూడదు, వాటికి పరిహారం మరిచిపోండి. ఒక చుక్క ఉంటే తక్కువ వేడి, రెండుంటే మామూలు వేడి.

బరువు పెరిగితే మార్పిడి గానీ డబ్బు వాపసు గానీ కోరుతూ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. సెక్షన్ 69 ప్రకారం గడువు రెండేళ్లు. లోపం మొదటి వారంలోనే బయటపడింది కాబట్టి మీకు మిగిలింది దాదాపు నాలుగు నెలలే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా, నోటీసులు పంపినా ఆ గడువు ఆగదు. మీరుండే జిల్లా కమిషన్‌లోనే, అమ్మిన షాపునూ కంపెనీనీ చేర్చి, ఈ-జాగృతి అనే ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా కేసు వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు.