బ్రిటిష్ వాళ్ళ స్వభావానికీ అమెరికన్ల స్వభావానికీ నిజంగా అంత తేడా ఉందా?

లండన్‌లో ఒక ఉద్యోగం, డల్లాస్‌లో ఒక ఉద్యోగం చేతిలో ఉన్నాయని, బ్రిటిష్ వాళ్ళు ఎవరితోనూ కలవరనీ అమెరికన్లది పైపై నవ్వనీ తెలిసినవాళ్ళంతా అంటున్నారనీ, ఇందులో నిజమెంత అనీ మీరు అడిగారు. నేను ముందు ఇంగ్లండ్‌లోని రీడింగ్‌లో కాపురం ఉన్నాను, ఇప్పుడు డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నాను. ఆ రెండు మాటలూ తప్పని నా గట్టి అభిప్రాయం. రెండోది వింటే నాకు కోపం కూడా వస్తుంది. ఎందుకంటే మా అమ్మకి ప్రాణం మీదకి వచ్చిన ఒక సాయంత్రం ఈ రెండు రకాల మనుషుల్నీ ఒకే రైలు పెట్టెలో చూశాను.

మేము రీడింగ్‌లో ఉండగా అమ్మ మా దగ్గర కొన్నాళ్ళు ఉందామని వచ్చింది. ఒకరోజు ఇద్దరం లండన్ వెళ్ళి మ్యూజియం చూసుకుని, సాయంత్రం పాడింగ్టన్‌లో రైలెక్కాం. నవంబరు నెల, ఐదు కాకముందే చీకటి పడిపోయింది. మామూలుగా ఫాస్ట్ ట్రైను అయితే అరగంట లోపే రీడింగ్ చేరుస్తుంది. స్లౌ దాటాక ఆగిపోయింది. గాలివానకి ముందెక్కడో పట్టాల మీద చెట్టు పడిందని డ్రైవరు మైకులో చెప్పి క్షమించమన్నాడు. పెట్టె నిండా జనం. చాలామంది నిలబడే ఉన్నారు. అందరూ ఒకసారి వాచీ చూసుకున్నారు, ఒక నిట్టూర్పు విడిచారు, మళ్ళీ చేతిలో ఉన్న పుస్తకంలోకో ఫోన్‌లోకో తలలు దించేశారు. అరగంటైంది, గంటైంది. పెద్దగా మాట్లాడినవాళ్ళు లేరు.

"వీళ్ళెవరూ ఏమీ అడగరేంటే?" అంది అమ్మ. మన వైపు రైలు పది నిమిషాలు ఆగితే చాలు, సగం మంది తలుపు దగ్గరికి చేరి ఒకళ్ళనొకళ్ళు ఏ ఊరు, ఎక్కడ దిగాలి, పిల్లలెంతమంది అని అడిగేసుకుంటారు కదా. ఆవిడకి ఆ నిశ్శబ్దం వింతగా తోచింది.

అమ్మకి చాలా ఏళ్ళుగా షుగర్ ఉంది. మధ్యాహ్నం మాత్ర వేసుకుంది గానీ అక్కడి శాండ్‌విచ్ నోటికి పట్టక సగం వదిలేసింది, ఇంటికెళ్ళి అన్నం తినొచ్చులే అనుకుంది. గంటన్నర గడిచేసరికి ఆవిడ చేతులు చల్లబడ్డాయి, నుదుటి మీద చెమట పట్టింది, మాట తడబడుతోంది. షుగర్ డౌన్ అయిందని నాకు అర్థమైంది. బ్యాగులో ఎప్పుడూ ఉంచే చాక్లెట్లు పొద్దున్నే అయిపోయాయి. బ్యాగంతా కింద కుమ్మరించి వెతుకుతున్నాను.

అప్పుడు అటు వరసలో కూర్చున్న పొడుగాటి మనిషి, "అమ్మగారికి ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగాడు. మాట యాసలోనే అమెరికన్ అని తెలిసింది. ఒహాయో నుంచి పని మీద వచ్చాడట. నేను సంగతి చెప్పీ చెప్పగానే లేచి నిలబడి, పెట్టె ఆ చివరి దాకా వినపడేలా "ఇక్కడ ఒక పెద్దావిడకి షుగర్ తగ్గిపోయింది, ఎవరి దగ్గరైనా తియ్యనిది ఏదైనా ఉందా?" అని అరిచాడు.

ఆ తర్వాత జరిగింది నేనెప్పటికీ మర్చిపోను. అంతదాకా బొమ్మల్లా కూర్చున్న మనుషులంతా ఒక్కసారిగా కదిలారు. ఒకమ్మాయి ఆరెంజ్ జ్యూస్ డబ్బా ఇచ్చింది. ఎవరో జెల్లీ బేబీస్ పొట్లం చేతులు మార్చి మార్చి పంపించారు. షుగర్ డౌన్ అయితే అక్కడివాళ్ళు ముందు వాటికోసమే చూస్తారు. ఒకావిడ ఇంటికి తీసుకెళ్తున్న కేకు పెట్టె కట్టు విప్పబోయింది, నేనే వద్దన్నాను. వెనక నుంచి రిటైరైన నర్సు ఒకావిడ మనుషుల్ని తప్పించుకుంటూ వచ్చి, అమ్మ పక్కన కూర్చుని నాడి పట్టుకుంది. జ్యూసు గుటక గుటకగా తాగించింది. పావుగంటకి అమ్మ తేరుకుని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మాకు ఎదురుగా ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఆయన జేబులో ముందునుంచీ పిప్పరమెంట్ల పొట్లం ఉంది. అది తీసి నాకిస్తూ మూడుసార్లు సారీ చెప్పాడు. "ఆవిడ ఇబ్బంది పడుతున్నట్టు నాకు అనిపిస్తూనే ఉంది. పలకరిస్తే మీకు ఇబ్బందేమోనని ఊరుకున్నాను" అన్నాడు. ఆయన కళ్ళు నిజంగా చెమ్మగిల్లాయి.

నా దృష్టిలో బ్రిటిష్ స్వభావమంతా ఆయన అన్న ఆ మాటలో ఉంది. అది పట్టనితనం కాదు. ఎదుటివాళ్ళ జోలికి పోకపోవడమే వాళ్ళకి మర్యాద. చిన్నప్పటినుంచీ అలా పెంచుతారు. సాయం చెయ్యాలనే మనసు ఆ పెట్టెలో ముందునుంచీ ఉంది, అందరి దగ్గరా తీపీ ఉంది. నోరు విప్పి అడిగే మనిషి ఒక్కడు కావలసి వచ్చాడు. ఆ ఒక్కడూ అమెరికన్ అవడం కాకతాళీయం అని నేననుకోను. సమస్య వస్తే పైకి చెప్పాలి, చెప్తే ఏదో ఒక దారి దొరుకుతుంది అని అమెరికన్ నమ్ముతాడు. బ్రిటిష్ మనిషి సమస్య వస్తే ముందు ఓర్చుకుంటాడు.

ఆ తర్వాతి తేడా కూడా చెప్పాలి. రైలు కదిలేసరికి ఒహాయో ఆయన తన పిల్లల ఫోటోలు చూపించి, భార్య ఉద్యోగం గురించి చెప్పి, కొలంబస్ వస్తే మా ఇంట్లోనే దిగండి అని కార్డు కూడా ఇచ్చాడు. రీడింగ్ రాగానే చెయ్యి ఊపి జనంలో కలిసిపోయాడు. నర్సమ్మ మాత్రం తన స్టేషను అది కాకపోయినా మాతోపాటు దిగింది. అమ్మ బ్యాగు మోసింది. మా ఆయన కారు తెచ్చేదాకా చలిలో నిలబడింది. తన గురించి ఒక్క ముక్క చెప్పలేదు, పేరైనా చెప్పకుండా వెళ్ళిపోయింది. "ఆ అబ్బాయి నోరున్నవాడు కాబట్టి బతికానే. కానీ ఈవిడ ఓపిక చూశావా!" అంది అమ్మ కారెక్కాక. ఇద్దరిలో ఎవరు మంచివాళ్ళు అని అడిగితే నేను చెప్పలేను, చెప్పను కూడా.

ఈ తేడా ఎక్కడినుంచి వచ్చిందని నన్నడిగితే చోటు వల్ల వచ్చిందంటాను. ఇంగ్లండ్‌లో చదరపు కిలోమీటరుకి 430 మందికి పైగా ఉంటారు, అమెరికాలో సుమారు 36 మంది. రీడింగ్‌లో మా ఇల్లు ఒకే గోడకి అటొకటి ఇటొకటి వరసగా కట్టిన పాత ఇళ్ళలో ఒకటి. పక్కింటివాళ్ళు దగ్గినా మాకు వినపడేది. అలాంటి చోట తరాల తరబడి బతికిన మనుషులు, చూసీ చూడనట్టు ఉండటం ద్వారానే ఒకరికొకరు ఏకాంతం ఇచ్చుకున్నారు. అమెరికాలో 1862 చట్టం కింద కుటుంబానికి 160 ఎకరాల చొప్పున భూమి ఇచ్చారు. పొరుగింటి దీపం కూడా కనపడని చోట, దారినపోయే కొత్త మనిషి వస్తే అదే పండగ. మనిషిని చూడగానే పలకరించే అలవాటు అక్కడ అలా పాతుకుపోయిందని నా నమ్మకం.

ఇంకో కారణం బతుకుతెరువు. బ్రిటన్‌లో పూర్తికాలం ఉద్యోగికి చట్టం ప్రకారం ఏడాదికి కనీసం 28 రోజుల జీతంతో కూడిన సెలవు ఉంటుంది. బిడ్డ పుడితే తల్లికి 52 వారాల దాకా సెలవు, అందులో 39 వారాలు ఎంతో కొంత డబ్బు వస్తుంది. అమెరికాలో జీతంతో సెలవు ఇవ్వాలనే కేంద్ర చట్టమే లేదు. 1993 చట్టం అర్హత ఉన్నవాళ్ళకి ఇచ్చేది 12 వారాలు, అదీ జీతం లేకుండా. ఉద్యోగం ఎప్పుడైనా పోవచ్చు. అలాంటి దేశంలో మనిషి తన గురించి తను చెప్పుకోవాలి, ఉత్సాహంగా కనపడాలి, రేపు బాగుంటుందని నమ్మాలి. నమ్మకపోతే బతకలేడు. బ్రిటిష్ మనిషికి హాయిగా సణుక్కునే వీలుంది. వాన మీద, రైళ్ళ మీద, పొద్దున ఎనిమిదింటికి డాక్టరు అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ పట్టుకుని కూర్చోవడం మీద పొద్దస్తమానం సణుగుతారు. ఆ సణుగుడే వాళ్ళ స్నేహం. అయితే వాళ్ళ ఎన్‌హెచ్‌ఎస్‌ని, అంటే ప్రభుత్వం నడిపే వైద్య సేవని, బయటివాళ్ళు ఒక్క మాటంటే ఊరుకోరు. 2012 లండన్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ఆసుపత్రి మంచాలు తెచ్చి నర్సులతో డాన్స్ చేయించిన దేశం అది!

ఇక్కడే నా ఫిర్యాదు ఒకటి. బ్రిటిష్ స్వభావం గురించి మాట్లాడాలంటే చాలామంది "కీప్ కామ్ అండ్ క్యారీ ఆన్" (కంగారు పడకుండా మీ పని మీరు చేసుకుపోండి) అని రాసిన కప్పు చూపిస్తారు. ఆ మాటతో బ్రిటిష్ ప్రభుత్వం 1939లో యుద్ధం కోసం ఒక పోస్టరు దాదాపు 24 లక్షల కాపీలు అచ్చేసిన మాట నిజమే కానీ యుద్ధకాలంలో దాన్ని దాదాపు ఎక్కడా అతికించనే లేదు. 2000లో ఒక పాత పుస్తకాల షాపులో బయటపడ్డాకే అది లోకానికి తెలిసింది. స్వభావం తెలియాలంటే కప్పులు చూస్తే సరిపోదు, మనుషుల్ని చూడాలి. రాణి ఎలిజబెత్ పోయినప్పుడు, 2022 సెప్టెంబరులో, సుమారు రెండున్నర లక్షల మంది క్యూలో నిలబడి ఆవిడ శవపేటికని చూసి వెళ్ళారు. పేరున్న ఫుట్‌బాల్ ఆటగాడు డేవిడ్ బెక్‌హామ్ కూడా పన్నెండు గంటలకు పైగా నిలబడ్డాడు. అది టీవీలో చూస్తూ మా ఫ్రిస్కో పొరుగావిడ "ఆన్‌లైన్‌లో టైము స్లాట్లు ఇవ్వొచ్చు కదా?" అంది. ఆవిడ ప్రశ్నలో తప్పు లేదు. కానీ రీడింగ్‌లో మా పాత పొరుగావిడ ఆ క్యూలో రాత్రంతా నిలబడింది. ఆవిడకి అలా నిలబడటమే నివాళి.

ఇక అమెరికన్ల నవ్వు సంగతి. హోటల్లో వెయిట్రెస్ టిప్పు కోసమే నవ్వుతుందని, అందుకే అమెరికా అంతా నటనేనని మనవాళ్ళు తీర్పు చెప్పేస్తారు. టిప్పులు వచ్చే ఉద్యోగికి యజమాని ఇవ్వాల్సిన కనీస వేతనం కేంద్ర చట్టం ప్రకారం గంటకి 2.13 డాలర్లు. 1991 నుంచి అది మారలేదు, మా టెక్సస్‌లోనూ అంతే. తప్పు ఆ చట్టానిది. కాఫీ కొన్నా సరే కౌంటర్లో స్క్రీను తిప్పి ఇరవై శాతం అడగడం నాకూ చిరాకే. కానీ ఆ కోపాన్ని ఆ అమ్మాయి నవ్వు మీద చూపించడం అన్యాయం.

2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుపాను వచ్చింది. డల్లాస్‌లో మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కి పడిపోయింది. రాష్ట్రంలో 45 లక్షల ఇళ్ళకీ వ్యాపారాలకీ కరెంటు పోయింది, ప్రభుత్వ లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. మా ఇంట్లో కరెంటు పోయిన రాత్రి, అంతకుముందు హాయ్ తప్ప ఇంకో మాట లేని ఎదురింటాయన టార్చిలైటుతో వచ్చి తలుపు కొట్టాడు. పైపులు పగలకుండా కుళాయిలు సన్నగా వదిలి ఉంచమన్నాడు, పగిలితే వీధి దగ్గర మెయిన్ వాల్వు ఎలా కట్టెయ్యాలో చూపించాడు, మమ్మల్ని తీసుకెళ్ళి వాళ్ళ ఫైర్‌ప్లేస్ ముందు పడుకోబెట్టాడు. మేము పిలవలేదు. పిలిచేదాకా ఆగాలన్న ఆలోచనే ఆయనకి రాలేదు. తర్వాత ఆయన ఉద్యోగం మారి కొలరాడో వెళ్ళిపోయాడు, మళ్ళీ ఫోన్ లేదు. "చూశావా, అంతే వీళ్ళు" అన్నారు మావాళ్ళు. ఏళ్ళ తరబడి ఫోన్లు చేసుకోకపోతే ఆ రాత్రి చేసిన సాయం అబద్ధమైపోతుందా? ఊళ్ళు మారుతూ బతికేవాళ్ళు ఎక్కడుంటే అక్కడ పూర్తిగా ఉంటారు. రీడింగ్ పొరుగావిడ మమ్మల్ని ఇంట్లోకి పిలవడానికి ఏళ్ళు పట్టింది, కానీ ఇప్పటికీ ప్రతి క్రిస్మస్‌కీ అమ్మని పేరు పెట్టి అడుగుతూ పోస్టులో కార్డు పంపుతుంది.

నిజానికి నేను చెప్పాలనుకున్నది మనవాళ్ళ గురించి. ఇక్కడ ఫ్రిస్కోలో, ఇర్వింగ్‌లో చుట్టూ మనవాళ్ళే. కూరగాయలు మన కొట్లో, పుట్టినరోజులు మనవాళ్ళతో, శనివారం కబుర్లు మనవాళ్ళతో. తప్పేం లేదు. కానీ పక్కింటి అమెరికన్‌కి దీపావళికి ఒక స్వీటు ప్లేటు ఇవ్వనివాళ్ళు, వాళ్ళ పిల్లల పేర్లు కూడా తెలియనివాళ్ళు "తెల్లవాళ్ళదంతా నటన" అని ఎలా అంటారు? లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో మనవాళ్ళతోనే ఒక గదిలో రెండేళ్ళుండి బ్రిటిష్ వాళ్ళు ముభావులని రాసేవాళ్ళదీ అదే వరస. లివర్‌పూల్‌లోనో గ్లాస్గోలోనో ఒక్కసారి బస్సెక్కి చూడండి, పక్కసీటువాళ్ళు మీ వంశవృక్షం అడుగుతారు. న్యూయార్క్ సబ్‌వేలో మీ వంక ఎవరూ చూడరు.

మీ ఉద్యోగం విషయానికొస్తే, మీరు అడిగి పనులు చేయించుకునే మనిషైతే డల్లాస్ మీకు తొందరగా నచ్చుతుంది. మొహమాటస్థులైతే లండన్‌లో మిమ్మల్ని ఎవరూ ఒత్తిడి పెట్టరు, కానీ మొదటి ఏడాది ఒంటరిగా అనిపిస్తుంది, ముందే అనుకుని వెళ్ళండి. ఆఫీసు పనితోపాటు ఏ వాలంటీర్ పనో, క్రికెట్ క్లబ్బో చూసుకుని చేరండి. అక్కడ స్నేహాలు కలిసి పనిచేసిన చోటే మొదలవుతాయి. డల్లాస్ అయితే ఒక సంగతి: అమెరికా ఉద్యోగ వీసా హెచ్-1బీ మీద ఉండి ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల్లో ఇంకొకటి చూసుకోవాలి, ఆ టెన్షన్ మీ ఇంట్లో ఎవరు ఎంత తట్టుకోగలరో ముందు వాళ్ళతో కూర్చుని మాట్లాడండి.