ఈఈఈ చదివిన అమ్మాయి కరెంటు చట్టాలు చదువుతానంటే…

ప్రశ్న: సార్, నేను డిస్కంలో (కరెంటు పంపిణీ సంస్థలో) లైన్ ఇన్‌స్పెక్టర్‌ని. మా అమ్మాయి ఈ ఏడాదే బీటెక్ ఈఈఈ మంచి మార్కులతో పాసైంది. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) పోస్టుకి చదువుకోమంటే వినడం లేదు, మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేసి కరెంటు చట్టాల మీద పని చేస్తానంటోంది. మా వాళ్లంతా సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించమంటున్నారు. చదివిన చదువంతా వృథా అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. అసలు ఇలాంటి ఉద్యోగం ఒకటి ఉందా?
– ఒక తండ్రి, తూర్పు గోదావరి జిల్లా

జవాబు:

ఉంది సార్. మంచి పనే. కాకపోతే మొదటి ఐదారేళ్లు డబ్బు పెద్దగా కనపడదు. ఆ ఐదారేళ్లు ఇల్లు తట్టుకోగలిగితే, అమ్మాయికి కూర్చుని చదివే ఓపిక నిజంగా ఉంటే, అడ్డు చెప్పకండి. ఇక ఈఈఈ వృథా అవుతుందన్న భయం మాత్రం పూర్తిగా వదిలేయండి, ఈ పనిలో ఆ చదువే తనకి బలం.

మీ సీనియర్లు ఏపీఎస్‌ఈబీ (పాత రాష్ట్ర విద్యుత్ బోర్డు) రోజుల గురించి మీకు చెప్పే ఉంటారు. 1959లో పుట్టిన ఆ బోర్డే కరెంటు తయారు చేసేది, లైన్లు వేసేది, బిల్లు వసూలు చేసేది. ధర విషయంలో ప్రభుత్వం మాటే చివరి మాట. అలాంటి చోట లాయరుకి పెద్దగా పనేముంటుంది? 1998లో మన రాష్ట్రం విద్యుత్ సంస్కరణల చట్టం తెచ్చింది (ఒడిశా మనకంటే ముందు, 1995లోనే తెచ్చింది), 1999లో బోర్డు పోయి కరెంటు తయారీకి జెన్‌కో, పెద్ద లైన్లకి ట్రాన్స్‌కో వచ్చాయి, 2000లో నాలుగు డిస్కంలు వచ్చాయి, చార్జీలు నిర్ణయించే పని ఈఆర్‌సీ (విద్యుత్ నియంత్రణ మండలి) చేతికి వెళ్లింది. అదంతా సాఫీగా జరగలేదని మీకూ తెలుసు. చార్జీల పెంపు మీద జనం రోడ్డెక్కారు, 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. అప్పటికి మీ అమ్మాయి పుట్టి కూడా ఉండదు. ఆ రోజులు ఎలా గడిచాయో మీరే కూర్చోబెట్టి చెప్పండి, యూనిట్‌కి పెరిగే పైసలు ఒక ఇంట్లో ఏం చేస్తాయో తను చదవబోయే సెక్షన్లలో దొరకదు.

తర్వాత 2003లో దేశమంతటికీ కలిపి విద్యుత్ చట్టం వచ్చింది. కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టం చేయగల ఉమ్మడి జాబితాలో ఉన్న విషయం ఇది, కాబట్టి ఎవరి అధికారం ఎక్కడిదాకా అన్న పేచీ ఎప్పుడూ ఉంటుంది. ఈ చట్టంతో థర్మల్ ప్లాంటు పెట్టడానికి లైసెన్సు అక్కర్లేదు, ఫ్యాక్టరీ తన కరెంటు తనే తయారు చేసుకోవచ్చు, పెద్ద వినియోగదారుడు ఓపెన్ యాక్సెస్ కింద డిస్కం తీగల మీదుగానే వేరేవాళ్ల దగ్గర కరెంటు కొనుక్కోవచ్చు. బాగానే ఉంది, మరి ఆ తీగల అద్దె ఎంత? పెద్ద వినియోగదారుడు వెళ్లిపోతే రైతుకిచ్చే కరెంటు భారం ఎవరు మోయాలి? క్రాస్ సబ్సిడీ సర్‌చార్జీ (అలా వెళ్లిపోయేవాళ్లు ఆ భారం కింద కట్టే రుసుము) అంటూ మీరు ఆఫీసులో వినే గొడవంతా ఇదే. ఈ తగాదాలు ముందు ఈఆర్‌సీకి, అక్కణ్నుంచి ఢిల్లీలో ఉన్న అప్పిలేట్ ట్రైబ్యునల్‌కి, ఆపైన సుప్రీంకోర్టుకి వెళ్తాయి. మామూలు సివిల్ కోర్టుల పాత్ర చాలా తక్కువ. అంటే కరెంటుకి విడిగా ఒక న్యాయవ్యవస్థే ఉందన్నమాట, అందులో పని చేసేవాళ్లు కావాలి.

మన దగ్గర జరిగిందే ఒకటి చెప్తాను. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాత పవన, సౌర విద్యుత్ ఒప్పందాల్లో ధరలు ఎక్కువగా ఉన్నాయని, మళ్లీ మాట్లాడి తగ్గించాలని కమిటీ వేసింది. కంపెనీలు హైకోర్టుకి వెళ్లాయి. తేలేదాకా పవన విద్యుత్‌కి యూనిట్‌కి రూ. 2.43, సౌర విద్యుత్‌కి రూ. 2.44 చొప్పున కట్టమని సింగిల్ జడ్జి అన్నారు. 2022 మార్చిలో డివిజన్ బెంచ్ అది కుదరదు, ఒప్పందంలో రాసుకున్న ధరే ఇవ్వాలని తీర్పు చెప్పింది. దీని మీద నా అభిప్రాయం అడిగితే, ధర ఎక్కువన్న బాధ నిజమే అయినా సంతకం పెట్టిన ఒప్పందాన్ని మధ్యలో తిరగతోడితే తర్వాత వచ్చేవాడు ఆ రిస్కు కూడా కలిపి ఇంకా ఎక్కువే అడుగుతాడు, చివరికి బిల్లు కట్టేది మనమే. మీ అమ్మాయి వేరేలా అనుకోవచ్చు, అనుకోనివ్వండి. నేను చెప్పేది ఏంటంటే, ఇలాంటి కేసులో సెక్షన్లు తెలిసిన లాయర్లకి కొదవ లేదు కానీ, గాలి మరలు ఏ నెలల్లో ఎంత ఇస్తాయో, గ్రిడ్‌లో లోడు పడిపోయినప్పుడు ఎవరిని ఆపమంటారో, పీఎల్‌ఎఫ్ (ప్లాంటు తన పూర్తి సామర్థ్యంలో ఎంత శాతం కరెంటు ఇచ్చిందన్న లెక్క) ఒక్క శాతం మారితే యూనిట్ ధర ఎందుకు మారుతుందో తెలిసిన లాయరు దొరకడం కష్టం. ఇంజినీరు రాసింది లాయరుకి అర్థం కాక, లాయరు అడిగింది ఇంజినీరుకి అర్థం కాక నడిచే ఫైళ్లు చాలా ఉంటాయి. ఆ ఇద్దరి మధ్య నిలబడగల మనిషికి విలువ ఉంది.

ఇంకో సంగతి. ఈఆర్‌సీల్లో చట్టం తెలిసిన సభ్యులు ఒక్కరైనా తప్పనిసరిగా ఉండాలని 2018లో గుజరాత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది చాలా అనుభవం ఉన్నవాళ్లు చేరే పదవి, మీ అమ్మాయికి అది ఇరవై ఏళ్ల తర్వాతి మాట, కానీ ఆ దారి తెరిచే ఉంది.

ఇక ముందు ముందు పని ఎక్కడ పెరుగుతుందంటే, నా లెక్కలో కింది స్థాయిలోనే. పెద్ద ప్లాంటు, పెద్ద లైను, ఒక్క డిస్కం అనే పద్ధతి మెల్లగా విడిపోతోంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో కోటి ఇళ్ల మీద సోలార్ పెట్టాలన్నది లక్ష్యం, 3 కిలోవాట్లకి రూ. 78,000 దాకా సబ్సిడీ ఇస్తున్నారు. కేంద్రం 2022లో ఇచ్చిన రూల్స్ ప్రకారం 100 కిలోవాట్ల లోడు ఉన్న వినియోగదారుడు కూడా గ్రీన్ ఓపెన్ యాక్సెస్ (సౌర, పవన విద్యుత్ లాంటిది డిస్కం తీగల మీదుగా వేరేచోట కొనుక్కోవడం) అడగొచ్చు, అంటే ఒక మోస్తరు రైస్ మిల్లు, ఒక కోల్డ్ స్టోరేజీ కూడా ఆ లెక్కలోకి వస్తాయి. రాజ్యాంగం పదకొండో షెడ్యూల్‌లో పంచాయతీలకు ఇవ్వదగిన అంశాల్లో గ్రామీణ విద్యుదీకరణ, కరెంటు పంపిణీ ఉన్నాయి. 2003 చట్టం ఐదో సెక్షన్‌లో పంచాయతీలు, సహకార సంఘాలు కరెంటు టోకుగా కొని ఊళ్లో పంపిణీ చూసుకునే మాట కూడా రాశారు. రాసింది చాలాచోట్ల కాగితం మీదే ఉండిపోయింది, అది నాకు నిజంగా బాధ. కానీ అసాధ్యమేమీ కాదు, సిరిసిల్ల సెస్‌ని చూడండి, 1970లో పెట్టిన సహకార సంఘం, వినియోగదారులే ఓటేసి డైరెక్టర్లను ఎన్నుకుంటారు. రేపు నాలుగు ఊళ్లు కలిసి సోలార్ పెట్టుకుంటామంటే వాళ్ల బైలాలు, డిస్కంతో ఒప్పందం, ఈఆర్‌సీకి పెట్టే పిటిషన్ ఎవరు రాస్తారు? అలాంటి పని తెలిసినవాళ్లు జిల్లాల్లో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా ఉండరు.

పెద్ద కేసులే కాదు సార్, మీరు రోజూ చూసేవీ ఉన్నాయి. కొత్త సర్వీసు ఆలస్యం, మీటర్ తిరగకుండానే వచ్చిన బిల్లు, ఇలాంటివాటికి సీజీఆర్‌ఎఫ్ (వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక) ఉంది, అక్కడ న్యాయం జరగలేదనిపిస్తే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. తెగిన తీగ తగిలి మనిషి పోతే బోర్డు బాధ్యత తప్పించుకోలేదని 2002లో మధ్యప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే పనికి ముందు కరెంటు ఆపించుకోవడం) సరిగ్గా తీసుకోకపోతే ఏమవుతుందో మీ ఇంట్లో పెరిగిన పిల్లకి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఎలా చదవాలి అన్నది తొందరగా చెప్పేస్తాను. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి లాసెట్ (లా కోర్సుల ప్రవేశ పరీక్ష) రాయాలి. దాంతోపాటు బెంగళూరు నేషనల్ లా స్కూల్ మూడేళ్ల కోర్సు, ఢిల్లీ యూనివర్సిటీ, ఇంజినీర్లకి కూడా సీట్లిచ్చే ఐఐటీ ఖరగ్‌పూర్ లా కోర్సు, వీటికి కూడా ప్రయత్నించమనండి. హాజరు వేసి పంపించేసే కాలేజీలో మాత్రం వద్దు, ఈ రంగంలో పట్టా ఒక్కటే చూపిస్తే ఎవరూ పని ఇవ్వరు. ఎనర్జీ లా అని పేరు పెట్టి లక్షలు అడిగే డిప్లొమాలకి ఇప్పుడే డబ్బు పోయకండి. కోర్సు అయ్యాక బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అవ్వాలి, ఆలిండియా బార్ పరీక్ష రాయాలి, తర్వాత ఈఆర్‌సీలో కేసులు చేసే సీనియర్ దగ్గర రెండుమూడేళ్లు. ఆ రోజుల్లో హాస్టల్ ఖర్చు మీరే పంపాల్సి రావచ్చు, ముందే అనుకుని ఉంచుకోండి. అంత ఇబ్బంది అనుకుంటే సోలార్ కంపెనీల్లో, కన్సల్టెన్సీల్లో రెగ్యులేటరీ ఉద్యోగాలున్నాయి, జీతం నెలనెలా వస్తుంది.

ఏఈ నోటిఫికేషన్ వస్తే రాయడంలో తప్పులేదు. వచ్చిందంటే మాత్రం ఆలోచించాలి, పూర్తికాల ఉద్యోగంలో ఉంటూ కోర్టులో ప్రాక్టీసు చేయనివ్వరు. రెండు పడవల మీద కాళ్లు పెట్టి మూడు, నాలుగేళ్లు గడిపినవాళ్లను చూశాను, అలా కానివ్వకండి. ఈ ఏడాది లోపు ఒకటి తేల్చుకోమనండి.

తేల్చుకోవడానికి ఒక పని చెప్తాను. డిస్కంలు ఏటా నవంబరు నెలాఖరుకి వచ్చే ఏడాది ఆదాయ, ఖర్చుల లెక్క ఈఆర్‌సీకి ఇస్తాయి, దాని మీద ఎవరైనా అభ్యంతరం రాసి పంపొచ్చు, బహిరంగ విచారణలో నిలబడి మాట్లాడొచ్చు, లాయరే అయ్యుండాలని లేదు. అమ్మాయిని ముందు పోయినేడాది టారిఫ్ ఆర్డరు ఈఆర్‌సీ వెబ్‌సైట్‌లో దింపుకుని చదవమనండి, వందల పేజీలుంటుంది. మీ ఇంటి కరెంటు బిల్లు పక్కన పెట్టుకుని, బిల్లులో ప్రతి గీతా ఆర్డరులో ఎక్కడినుంచి వచ్చిందో పట్టుకోమనండి, ఇంధన సర్దుబాటుతో (కరెంటు కొనుగోలు ఖర్చు పెరిగిందని తర్వాత వేసే చార్జీతో) సహా. రెండు నెలలు టైమివ్వండి. విసుగొచ్చి పక్కన పడేస్తే ఏఈకి చదువుకోవడమే మేలు. అలా కాకుండా రాత్రి మీరు డ్యూటీ నుంచి రాగానే మీ సబ్‌స్టేషన్ నష్టాల లెక్క అడగడం మొదలుపెడితే, లాసెట్‌కి దరఖాస్తు పెట్టించండి. ఈసారి విచారణకి తను రాసిన అభ్యంతరం, పంపే ముందు నాకొకసారి చూపించమనండి.