అమ్మకు ఆ ఆరు గంటలు గుర్తులేవు

ప్రశ్న: మా అమ్మకు 62 ఏళ్లు. నాన్నతో రాజమండ్రిలో ఉంటుంది. కార్తీక పౌర్ణమి నాడు తెల్లవారుజామున గోదావరిలో మునిగి గట్టెక్కగానే, ‘మనం ఇక్కడికెందుకొచ్చాం?’ అంది. నాన్న చెబితే సరేనంది. రెండు నిమిషాలకు మళ్లీ అదే ప్రశ్న. ఆసుపత్రిలోనూ అంతే. మమ్మల్నందరినీ మాత్రం గుర్తుపట్టింది. మధ్యాహ్నానికి మామూలైపోయింది. డాక్టరు గారు ఎంఆర్‌ఐ తీయించి, ‘ట్రాన్సియెంట్ గ్లోబల్ ఆమ్నీషియా (కొన్ని గంటలపాటు ఏదీ గుర్తు నిలవకపోవడం), భయం లేదు’ అన్నారు. కానీ అన్నయ్య అమ్మ ఏటీఎం కార్డు తీసేసుకున్నాడు. గుడికి కూడా ఒంటరిగా పంపడం లేదు. అమ్మ మాట్లాడటమే తగ్గించేసింది. ఇది మళ్లీ వస్తుందా?
– ఓ కూతురు, హైదరాబాద్

జవాబు: చాలామందికి మళ్లీ రాదమ్మా. అధ్యయనాల్లో అంకెలు అటూ ఇటూగా ఉన్నాయి గానీ, ఎక్కువ వాటిలో రెండోసారి వచ్చినవాళ్లు వందలో పది, పదిహేను మందికి మించలేదు. పార్శ్వనొప్పి ఉన్నవాళ్లలో ఆ అవకాశం కొంచెం ఎక్కువ. అమ్మకు వయసులో ఉన్నప్పుడు ఒకవైపు తలనొప్పి వచ్చేదేమో అడిగి డాక్టరుకు చెప్పండి.

ఇది ఎక్కువగా 50 నుంచి 70 ఏళ్ల మధ్య వస్తుంది. కొత్త విషయాలను దాచుకునే మెదడు భాగం కొన్ని గంటలు పనిచేయదు. పలక మీద రాసింది రాసినట్టే చెరిగిపోతుంటుంది, అందుకే అదే ప్రశ్న మళ్లీ మళ్లీ. తన పేరు, అయినవాళ్లు, వంట, పూజ అన్నీ పదిలంగా ఉంటాయి. ఒక్క రోజులోపే సర్దుకుంటుంది. ఒక్కసారిగా చన్నీళ్లలో మునగడం, బరువులెత్తడం, పెద్ద టెన్షన్ దీన్ని రేపడం డాక్టర్లకు తెలిసిన సంగతే. ఇది మతిమరుపు జబ్బుకు మొదలు కాదు. పక్షవాతానికి ముందస్తు సూచనా కాదు.

రాకుండా ఆపే మందు లేదు. శివరాత్రికి నదికెళ్తానంటే వెళ్లనివ్వండి. కాళ్లు తడుపుకుని, చెంబుతో నాలుగు నీళ్లు నెత్తిన చల్లుకుంటే చాలు, పుణ్యమేమీ తరగదు. దాంతో ఇక రాదని హామీ లేదు గానీ, చలిలో ఆ మునక అవసరం లేదు.

ఎప్పుడైనా మళ్లీ వస్తే ‘అదేలే’ అనుకుని ఇంట్లో ఉంచుకోవద్దు. మూతి వంకరపోయినా, మాట ముద్దయినా, చెయ్యో కాలో పట్టుతప్పినా 108కి ఫోన్ చేయండి. అవేవీ లేకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. మొదలైన టైము రాసుకుని, ఫోన్‌లో రెండు నిమిషాలు వీడియో తీయండి. నిద్ర లేవగానే అరగంటో, గంటో ఇలా పదేపదే జరుగుతుంటే అది వేరు. మూర్ఛలో ఒక రకం కావచ్చు. ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే పరీక్ష) తీస్తారు, ఆ జబ్బుకు మందులున్నాయి.

ఇక మీ ఇంట్లో జరుగుతున్నది. నన్నడిగితే, అమ్మను కుంగదీస్తున్నది ఆ ఆరు గంటలు కాదు, తర్వాత మీరు పెట్టిన కాపలా. ‘నిన్న కూరేంటో చెప్పు’ అని పరీక్షలు పెడుతున్నారేమో, ఆపేయండి. ఆ ఉదయం ఆమెకు ఎప్పటికీ గుర్తురాదు. వచ్చినవాళ్లందరి ముందూ ఆ కథ చెప్పి నవ్వుకోవడమూ వద్దు. ఒక్కసారి మీ నాన్నను మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. తడి పంచెతో గట్టు మీద నిలబడి, ఒకే ప్రశ్నకు అన్నిసార్లు జవాబు చెప్పిన మనిషాయన. ఆయన భయాన్ని ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

ఏటీఎం కార్డు మీరు ఇవ్వకండి. తీసుకున్న అన్నయ్యే తిరిగి అమ్మ చేతిలో పెట్టాలి, కుదిరితే ఈ ఆదివారమే.