కొత్త స్కానర్‌ని నమ్మే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ మెయిల్ చదివాను. ఎక్కడో కనిపించిన కొత్త వైరస్ స్కానర్ వేసి కంప్యూటర్ చూశావు, అది వందల కొద్దీ సమస్యలు చూపించింది. ఇన్నాళ్లూ ఉన్న యాంటీవైరస్ నిద్రపోయిందా అని నీకు ఒకటే టెన్షన్. ఉన్నదాన్ని తీసేసి ఈ కొత్తదే కొని పెట్టుకోనా అని డబ్బు కట్టకముందే అడిగావు, మంచి పని చేశావు.

ముందు ఆ లిస్టు తెరిచి వరుసగా చదువు. ట్రాకింగ్ కుకీలు (నువ్వు ఏం చూస్తున్నావో గుర్తుపెట్టుకోవడానికి సైట్లు బ్రౌజర్‌లో వదిలే చిన్న ఫైళ్లు), టెంపరరీ ఫైళ్లు, రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, మిగిలిపోయిన పాత ఎంట్రీలు, ఇలాంటివే ఎక్కువ ఉంటాయని నా అనుమానం. ఇవేవీ మాల్‌వేర్, అంటే వైరస్‌ల్లాంటి హానికర ప్రోగ్రామ్‌లు, కావు. కుకీ నీ మీద నిఘా పెట్టగలదేమో గానీ ఫైళ్లకు తాళం వేయలేదు. వాటన్నిటినీ కలిపి ఎర్ర అక్షరాల్లో పెద్ద అంకె చూపించడం అమ్మకం కోసం. స్కాన్ ఉచితం, శుభ్రం చేయాలంటే డబ్బు అనే పద్ధతి చాలా పాతది. 2008-09 ప్రాంతంలో ‘యాంటీవైరస్ 2009’ అనే నకిలీ ప్రోగ్రామ్, 2011లో యాపిల్ కంప్యూటర్ల మీద ‘మ్యాక్ డిఫెండర్’ ఇలాగే లేని వైరస్‌లు చూపించి డబ్బు గుంజాయి. నీ స్కానర్ నకిలీదే అనడం లేదు. కానీ అంకె చూసి స్కానర్‌కు మార్కులు వేయకు.

అసలు విషయం ఇది. ఏ స్కానర్ ఎంత మాల్‌వేర్ పట్టుకుంటుందో ఇంట్లో కూర్చుని మనం తేల్చలేం. వేల కొద్దీ తాజా నమూనాలు కావాలి, విడిగా కంప్యూటర్లు కావాలి, ఆ పని తెలిసిన మనుషులు కావాలి. ఇంటర్నెట్‌లో నిజం వైరస్‌లు డౌన్‌లోడ్ చేసి పరీక్షించే వీడియోలు చూసి నువ్వూ మొదలుపెట్టేవు, ఆ జోలికి అస్సలు పోవద్దు. ఆ పనికి ల్యాబ్‌లు ఉన్నాయి. జర్మనీలోని ఏవీ-టెస్ట్ రక్షణకు 6, వేగానికి 6, వాడుకకు 6, మొత్తం 18 పాయింట్లకు మార్కులిస్తుంది. వాడుక అంటే స్క్రీన్ అందంగా ఉందా అని కాదు, మంచి ఫైళ్లను పొరపాటున ఎన్నిసార్లు పట్టుకుంది అన్నది. ఆస్ట్రియాలోని ఏవీ-కంపారెటివ్స్ కూడా ఈ తప్పుడు హెచ్చరికలను విడిగా లెక్కపెట్టి చెబుతుంది. ఒక్క నెల ఫలితం చూసి ఆగిపోకు, ఏడాది పొడవునా నిలకడగా ఉందా చూడు. పైవరుసలో ఉన్నవాటి మధ్య అర శాతం తేడాకు పెద్ద అర్థమేమీ ఉండదు.

మరీ కొత్త స్కానర్ అయితే ఏ ల్యాబ్ రిపోర్ట్‌లోనూ ఉండకపోవచ్చు. అంతమాత్రాన చెడ్డదని కాదు. కానీ దాన్ని కంప్యూటర్‌కు ఏకైక కాపలాగా పెట్టడానికి ఇంకా టైమ్ రాలేదనుకో. పైగా కొన్ని కొత్త ప్రోగ్రామ్‌ల లోపల ఉండేది వేరే పెద్ద కంపెనీ ఇంజన్ (వైరస్‌లను గుర్తుపట్టే అసలు భాగం), పైన తొడుగు మాత్రమే కొత్తది. ఎవరి ఇంజనో వాళ్ల సైట్‌లో చెప్పకుండా, కృత్రిమ మేధ అంటూ నాలుగు మాటలు రాసి వదిలేస్తే నేనైతే పక్కన పెడతాను.

ఇన్‌స్టాల్ చేసే ఫైల్‌ను వాళ్ల సొంత సైట్ నుంచే తీసుకో. దాని మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్, అంటే తయారుచేసిన కంపెనీ ముద్ర, ఉందా, ఉంటే ఏ కంపెనీ పేరుతో ఉందో చూడు. తర్వాత ఆ ఫైల్‌ను వైరస్‌టోటల్ అనే ఫైళ్లు పరీక్షించే సైట్‌లో పెట్టు. అక్కడ దాదాపు 70 ఇంజన్లు ఒకేసారి పరీక్షిస్తాయి. ఎవరికీ తెలియని ఒకటి రెండు ఇంజన్లు మాత్రమే అభ్యంతరం చెబితే అది తప్పుడు హెచ్చరిక కావచ్చు. పేరున్నవి నాలుగైదు చెబితే ఆ ఫైల్ డిలీట్ చేసెయ్. ఇక్కడ రెండు జాగ్రత్తలు. వైరస్‌టోటల్‌లో పెట్టిన ఫైల్ భద్రతా కంపెనీల చేతికి వెళుతుంది, కాబట్టి నీ బ్యాంకు కాగితాలూ ఇంటి పత్రాలూ ఎప్పుడూ అందులో వేయకు. రెండోది, అక్కడ ఒక ఇంజన్ పట్టుకుంది, ఇంకోటి పట్టుకోలేదు అని చూసి ఏది గొప్పదో తేల్చకు. ఆ సైట్ వాళ్లే అలా పోల్చవద్దంటారు. అక్కడ నడిచే ఇంజన్, నీ కంప్యూటర్లో పూర్తి హంగులతో నడిచే ప్రోగ్రామ్ ఒకటి కావు.

ఇక ఇంట్లో నువ్వు నిజంగా పరీక్షించగలిగినది దాని నడవడిక. ముందు బ్యాకప్ తీసుకుని, రిస్టోర్ పాయింట్ (తేడా వస్తే విండోస్‌ను పాత స్థితికి తెచ్చుకునే గుర్తు) ఒకటి పెట్టుకో. స్కానర్ మేలుకుని ఉందో లేదో చూడటానికి ఐకార్ టెస్ట్ ఫైల్ ఉంది. 68 అక్షరాల మామూలు వరుస అది, హాని ఏమీ చేయదు. యాంటీవైరస్‌లన్నీ దాన్ని వైరస్‌లాగే పట్టుకోవాలని అందరూ ఒప్పుకున్న ఏర్పాటు. అది పట్టుకుంటే స్కానర్ పనిచేస్తోందని మాత్రమే అర్థం, గొప్పదని కాదు. అదే ఫైల్‌ను జిప్‌లో పెట్టీ, పెన్‌డ్రైవ్ నుంచి కాపీ చేసీ చూడు. ఎప్పుడు అరుస్తుందో, ఏం అడుగుతుందో, పట్టుకున్న ఫైళ్లను డిలీట్ చేయకుండా బంధించి ఉంచే క్వారంటైన్‌లోంచి వెనక్కి తీయడం ఎంత సులువో తెలుస్తుంది.

ఈ వెనక్కి తీయడం చిన్న విషయం అనుకోకు. 2010 ఏప్రిల్‌లో మెకాఫీ అనే యాంటీవైరస్ కంపెనీ పంపిన ఒక అప్‌డేట్, విండోస్ ఎక్స్‌పీలోని ఎస్‌వీసీహోస్ట్ అనే అసలు సిస్టమ్ ఫైల్‌నే వైరస్ అనుకుంది. ఎన్నో కంప్యూటర్లు మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతూ నెట్‌వర్క్ పోగొట్టుకుని కూర్చున్నాయి. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టయింది. అందుకే దొరికిన ప్రతిదాన్నీ అడగకుండా డిలీట్ చేసే సెట్టింగ్ ఉంటే, దాన్ని క్వారంటైన్‌కు మార్చు. నువ్వు రోజూ వాడే పాత ప్రోగ్రామ్‌లు ఉన్న ఫోల్డర్‌ను స్కాన్ చేయించి, వాటిలో దేన్నైనా దొంగ అంటోందా చూడు.

వేగం సంగతి నీకు నువ్వే తెలుసుకుంటావు. పెట్టకముందూ పెట్టాకా పెద్ద ఫోటోల ఫోల్డర్ కాపీ చేసి టైమ్ చూసుకుంటే చాలు.

ప్రైవసీ పాలసీ విసుగ్గా ఉంటుంది, అయినా చదువు. యాంటీవైరస్‌కు నీ కంప్యూటర్లో కనిపించనిదంటూ ఉండదు. అవాస్ట్ అనే యాంటీవైరస్ కంపెనీ, తన ప్రోగ్రామ్ వాడేవాళ్ల బ్రౌజింగ్ సమాచారాన్ని జంప్‌షాట్ అనే అనుబంధ కంపెనీ ద్వారా అమ్మిన సంగతి 2020లో బయటపడింది. జంప్‌షాట్ మూతపడింది, 2024లో అమెరికాలో వినియోగదారుల హక్కులు చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అవాస్ట్ చేత 1.65 కోట్ల డాలర్లు కట్టించింది. అంత పేరున్న కంపెనీయే అలా చేసింది మరి. అనుమానపు ఫైళ్ల నమూనాలు పంపడం వేరు, నువ్వు చూసే సైట్ల చిట్టా పంపడం వేరు. రెండోదానికి ఆపే బటన్ లేకపోతే ఆ స్కానర్ వద్దు.

ఇప్పుడు నీ అసలు ప్రశ్నకు. ఉన్నదాన్ని తీసేయకు. విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ఈ రోజుల్లో ల్యాబ్ పరీక్షల్లో మంచి మార్కులే తెచ్చుకుంటోంది. ఎప్పుడూ కాపలా కాసే యాంటీవైరస్‌లు రెండు పెడితే ఒకదానికొకటి అడ్డం, కంప్యూటర్ నెమ్మది. వేరే యాంటీవైరస్ పెట్టగానే డిఫెండర్ మామూలుగా తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది. ఆ సంగతి గమనించకుండా ట్రయల్ గడువు దాటిపోనిస్తే కాపలా బలహీనపడే ప్రమాదం ఉంది. రెండో అభిప్రాయం కావాలంటే, అడిగినప్పుడు మాత్రమే స్కాన్ చేసేది వాడు. మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ అలాంటిదే, డౌన్‌లోడ్ చేసిన 10 రోజులకు దాని గడువు తీరిపోతుంది, మళ్లీ కొత్తది తెచ్చుకోవాలి. మాల్‌వేర్‌బైట్స్ ఉచిత వెర్షన్ కూడా ఈ పనికి సరిపోతుంది.

ఈ కొత్తదాన్ని తీసేయాలనుకుంటే ముందు కార్డు వివరాలు ఇచ్చావేమో గుర్తు తెచ్చుకుని ఆటో రెన్యువల్ ఆపు, తర్వాతే అన్‌ఇన్‌స్టాల్ చెయ్. ప్రోగ్రామ్ తీసేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ ఆగదు. బ్రౌజర్‌లో అది పెట్టిన ఎక్స్‌టెన్షన్ ఉంటే అదీ తీసెయ్. కంప్యూటర్ రీస్టార్ట్ చేసి విండోస్ సెక్యూరిటీ తెరువు, డిఫెండర్ మళ్లీ ఆన్ అయి ఉండాలి. కాకపోతే ఆ స్క్రీన్ ఫోటో తీసి నాకు పంపు, సాయంత్రం ఫోన్లో కలిసి చూద్దాం.

మీ మామయ్య