వాట్లు, యూనిట్లు, ఫేజులు, ఎర్త్: కరెంటు మీద మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా కరెంటు గురించే వచ్చాయి. అన్నీ చదివాక నాకు అర్థమైంది ఏంటంటే, చాలామందికి చిక్కు ఒకేచోట పడుతోంది: కరెంటును ఎంత జోరుగా వాడుతున్నాం అన్నదీ, మొత్తం ఎంత వాడాం అన్నదీ కలిపేస్తున్నారు. అందుకే ముందు ఆ ప్రశ్నే తీసుకున్నాను.

ప్రశ్న: మా గీజర్ మీద 2000 వాట్లు అని రాసి ఉంది. అంటే 2 కిలోవాట్లు కదా, వేసిన ప్రతిసారీ 2 యూనిట్లు కాలినట్టేనా? మేం రోజూ అరగంటే వేస్తాం.

కాదండీ, అరగంటకు మీకయ్యేది 1 యూనిట్టే. వాట్ అనేది బండి వేగం లాంటిది, యూనిట్ అనేది తిరిగిన మొత్తం దూరం లాంటిది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నాం అన్నంత మాత్రాన ఎంత దూరం వెళ్లామో తెలియదు, ఎంతసేపు వెళ్లామో కూడా తెలియాలి. ఇదీ అంతే. 1000 వాట్ల పరికరం గంటసేపు నడిస్తే ఒక యూనిట్, దాన్నే కిలోవాట్ అవర్ అంటారు. మీ గీజర్ 2 కిలోవాట్లు, అర గంట, కాబట్టి 1 యూనిట్. 10 వాట్ల ఎల్‌ఈడీ బల్బు అదే ఒక్క యూనిట్‌తో 100 గంటలు వెలుగుతుంది.

ఒక యూనిట్ అంటే చిన్న విషయమేమీ కాదు. అది 36 లక్షల జౌళ్ల శక్తి. 50 కిలోల బస్తాను 3 మీటర్ల ఎత్తుకు, అంటే సుమారు ఒక అంతస్తు పైకి ఎత్తాలంటే దాదాపు 1,470 జౌళ్లు కావాలి. అంటే ఆ బస్తాను 2,400 సార్లకు పైగా పైకి మోసినంత పని ఒక్క యూనిట్‌లో ఉంది. లెక్క వేసి చూసిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యమే, స్విచ్ వేసినంత తేలిగ్గా అంత పని మన చేతికి వస్తోందా అని.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఫ్రిజ్, ఇస్త్రీ పెట్టె లాంటివాటి మీద రాసి ఉన్న వాట్లను 24 గంటలతో హెచ్చవేసి కంగారు పడకండి. చల్లదనం సరిపోగానే ఫ్రిజ్‌లో కంప్రెసర్ దానంతటదే ఆగుతుంది, మళ్లీ అవసరమైనప్పుడు మొదలవుతుంది. ఇస్త్రీ పెట్టె కూడా వేడెక్కాక ఆగుతూ నడుస్తూ ఉంటుంది. పైన రాసి ఉన్నది అది నడిచేటప్పటి జోరు మాత్రమే.

ప్రశ్న: లో ఓల్టేజీ అంటే కరెంటు తక్కువ రావడమే కదా? మరి అప్పుడు ఫ్రిజ్ ఎందుకు కాలిపోతుంది? తక్కువ వస్తే తక్కువ వేడెక్కాలి కదా?

మంచి ప్రశ్న. ఓల్టేజీ, కరెంటు రెండూ వేరువేరు. తీగలో ఒక్క సెకనులో ఎంత విద్యుదావేశం ప్రవహించిందో చెప్పేది కరెంటు, దాన్ని ఆంపియర్లలో కొలుస్తాం. ఆ ఆవేశాన్ని కొలిచే కొలత కూలుంబు; ఒక్కో కూలుంబు ఎంత పని చేయగలదో చెప్పేది ఓల్టేజీ, అది వోల్టుల్లో. రెండింటినీ హెచ్చవేస్తే వాట్లు వస్తాయి. (మోటార్ల విషయంలో ఇంకో మెలిక ఉంది, అది కిందకు వస్తుంది.)

హీటర్, గీజర్ లాంటివాటికి మీరన్నదే నిజం. ఓల్టేజీ తగ్గితే కరెంటూ తగ్గుతుంది, రెండూ తగ్గుతాయి కాబట్టి జోరు ఇంకా ఎక్కువ తగ్గుతుంది. 230 వోల్టులకు చేసిన హీటర్‌కు 160 వోల్టులే అందితే అది సగం వేడి కూడా ఇవ్వదు, అంతే, పాడేమీ కాదు. మోటారు అలా కాదు. కంప్రెసర్ మీద బరువు అలాగే ఉంటుంది, ఓల్టేజీ తగ్గినా ఆ పని చేసి తీరాలి కాబట్టి అది ఎక్కువ కరెంటు లాగుతుంది. ఓల్టేజీ మరీ పడిపోతే అసలు తిరగడమే మొదలుపెట్టలేక, ఆగిన చోటే ఉండి విపరీతంగా కరెంటు లాగేస్తుంది. లోపలి చుట్టలు వేడెక్కి, వాటి మీది పూత కరిగి కాలిపోతాయి. ఓల్టేజీ బాగా పడిపోయిందని తెలిస్తే, బల్బుల సంగతి ఎలా ఉన్నా, ఫ్రిజ్‌నూ నీళ్ల మోటారునూ ముందు ఆపండి.

ప్రశ్న: ఇంటికి కావలసింది 230 వోల్టులే అయితే ఆ పెద్ద లైన్లలో లక్షల వోల్టులు ఎందుకు? ప్రమాదం కదా?

ఎందుకో ఒక లెక్క చేస్తే తెలిసిపోతుంది. 100 కిలోవాట్ల కరెంటు పంపాలి, లైను మొత్తం నిరోధం, అంటే కరెంటుకు తీగ పెట్టే అడ్డు, 1 ఓమ్ అనుకుందాం. 230 వోల్టులతో పంపాలంటే దాదాపు 435 ఆంపియర్లు పారాలి. తీగ వేడెక్కడం వల్ల పోయే శక్తి, కరెంటును కరెంటుతోనే హెచ్చవేసి నిరోధంతో మళ్లీ హెచ్చవేసినంత. అది చూస్తే 189 కిలోవాట్లు! పంపేదే 100, దారిలో పోయేది 189, అంటే ఆ పని అసలు జరగదన్నమాట. అదే 23,000 వోల్టులతో పంపితే 4.35 ఆంపియర్లు చాలు, నష్టం 19 వాట్లు. కిలోవాట్లు కాదు, వాట్లే. ఓల్టేజీ 100 రెట్లు పెంచితే నష్టం 10,000 రెట్లు తగ్గింది. ఇంత లాభం ఉన్నప్పుడు ఎత్తైన టవర్లు కట్టి, మనిషికి అందనంత పైన తీగలు లాగడం ఎంతైనా నయమే.

ఇలా ఓల్టేజీని పెంచి మళ్లీ తగ్గించే పని ట్రాన్స్‌ఫార్మర్‌ది. అది ఏసీతోనే, అంటే దిశ మారుతూ ఉండే కరెంటుతోనే పనిచేస్తుంది. డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు, దాన్లోంచి దాటదు. 1882లో ఎడిసన్ న్యూయార్క్‌లోని పెర్ల్ స్ట్రీట్‌లో పెట్టిన కేంద్రం సుమారు 110 వోల్టుల డీసీ ఇచ్చేది, అందుకే చుట్టుపక్కల వీధులు దాటి దూరం పోలేకపోయింది. 1896లో నయాగరా జలపాతం దగ్గర తయారైన ఏసీ కరెంటు 30 కిలోమీటర్లకు పైగా ఉన్న లైను మీద బఫెలో నగరానికి చేరాక, ఏ దారి గెలిచిందో అందరికీ తెలిసిపోయింది. ఇప్పుడు చాలా దూరాలకూ, సముద్రం అడుగున వేసే కేబుళ్లకూ డీసీ మళ్లీ వచ్చింది. ఏసీని డీసీగా, డీసీని ఏసీగా మార్చే ఎలక్ట్రానిక్ పరికరాలు అప్పట్లో లేవు, ఇప్పుడు ఉన్నాయి.

ప్రశ్న: త్రీ ఫేజు అంటే మూడు 230లు, మొత్తం 690 రావాలి. కానీ 400 అంటారు. ఇంకో సంగతి, మా వీధిలో ఒకసారి బల్బులన్నీ ఒక్కసారిగా భగ్గున వెలిగి టీవీలు కాలిపోయాయి. పిడుగు కూడా పడలేదు. ఎందుకలా?

మూడు ఫేజులూ, అంటే కరెంటు తెచ్చే మూడు తీగల్లోని ఓల్టేజీలు, ఒకేసారి పైకి వెళ్లి ఒకేసారి కిందకు రావు. ఒక్కోటి పక్కదానికి ఒక చుట్టులో మూడో వంతు వెనకగా నడుస్తుంది. అందుకని రెండు ఫేజుల మధ్య కొలిస్తే 230కి రెట్టింపు రాదు, 1.732 రెట్లే, అంటే దాదాపు 400 వస్తుంది. మూడూ కలిసి ఆగకుండా ఒకే జోరు ఇస్తాయి కాబట్టే పెద్ద మోటార్లు అదురు లేకుండా సాఫీగా తిరుగుతాయి.

టీవీలు కాలిన సంగతికి వస్తే, మీరు రాసిన లక్షణాలను బట్టి ఎక్కువగా అనుమానించాల్సింది న్యూట్రల్ తీగనే, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగనే. అది స్తంభం దగ్గర తెగితేనో వదులైతేనో, వేరే వేరే ఫేజుల మీద ఉన్న ఇళ్లు ఆ 400 వోల్టుల మధ్య ఒకదాని వెనక ఒకటి చేరినట్టు అయిపోతాయి. అప్పుడు ఎవరింట్లో తక్కువ సామాను నడుస్తోందో వాళ్లకే ఎక్కువ ఓల్టేజీ పోతుంది, ఒక్కోసారి 300 దాటేస్తుంది. పాపం, ఒక్క టీవీ వేసుకున్నవాళ్లే నష్టపోతారు. బల్బులు కొన్ని మసకగా, కొన్ని మరీ ప్రకాశంగా వెలుగుతుంటే ఆలోచించకుండా మెయిన్ ఆపేసి కరెంటు ఆఫీసుకు చెప్పండి. ఆ లైనును మీరు ముట్టుకోవద్దు.

ప్రశ్న: ఇన్వర్టర్ మీద 1 కేవీఏ అని ఉంది, 1000 వాట్లు వేస్తే కుయ్యిమంటూ ఆగిపోతోంది. మోసమా?

మోసం కాదు. కేవీఏ అంటే వోల్టులనూ ఆంపియర్లనూ ఊరికే హెచ్చవేస్తే వచ్చేది. మోటార్లు, చోక్‌లు ఉన్న పరికరాల్లో కొంత కరెంటు అయస్కాంత క్షేత్రం ఏర్పరచడానికి వెళ్లి, ఆ పని అయ్యాక తిరిగి వచ్చేస్తుంది. నికరంగా పనేమీ చేయదు గానీ తీగలనూ ఇన్వర్టర్‌నూ మాత్రం వేడెక్కిస్తుంది. మొత్తంలో నిజంగా పనికొచ్చిన భాగం ఎంతో చెప్పేదే పవర్ ఫ్యాక్టర్. అది 0.8 అయితే 1 కేవీఏ మీద దొరికేది 800 వాట్లే. ఇన్వర్టర్ కొనేటప్పుడు వాట్లు ఎన్నో కూడా అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: 50 హెర్ట్జ్ అంటే ఏమిటి? ఎక్కడో ఒక కేంద్రం ఆగితే ఇంకెక్కడో చీకటి ఎందుకవుతుంది?

కరెంటు దిశ మారి, మళ్లీ మొదటికి రావడాన్ని ఒక చుట్టు అనుకుంటే, సెకనుకు 50 చుట్లు. రెండు ధ్రువాల జనరేటర్ నిమిషానికి 3,000 సార్లు తిరిగితే ఇది వస్తుంది. కొన్ని దేశాల్లో 60 వాడతారు. జపాన్‌లో తూర్పున 50, పశ్చిమాన 60. 19వ శతాబ్దం చివర్లో ఒకవైపు జర్మనీ జనరేటర్లు, ఇంకోవైపు అమెరికా జనరేటర్లు తెచ్చుకోవడంతో అలా మిగిలిపోయింది.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన అసలు సంగతి, లైన్లలో కరెంటు నిల్వ ఉండదు. మీరు స్విచ్ వేసిన క్షణంలోనే ఎక్కడో ఒక జనరేటర్ ఆ మేరకు ఎక్కువ బరువు మోయాలి. బ్యాటరీలు, నీళ్లను పైకి తోడి నిలవ చేసే కేంద్రాలు ఉన్నా, అవి కూడా ఆ క్షణానికి ఇచ్చి ఆదుకునేవే. వాడకం పెరిగి తయారీ చాలకపోతే జనరేటర్ల వేగం తగ్గుతుంది, దాంతో 50 కాస్తా 49.8, 49.5 అవుతూ పోతుంది. మరీ తగ్గితే యంత్రాలు దెబ్బతింటాయని, కొన్ని ప్రాంతాలకు ముందే సరఫరా ఆపేసి మిగతా గ్రిడ్‌ను, అంటే కేంద్రాలనూ ఊళ్లనూ కలిపే లైన్ల వలను, కాపాడతారు. అలా కోత పెట్టినప్పుడు మనకు కోపం రావడం సహజమే, కానీ పెట్టకపోతే అందరికీ పోతుంది.

లైన్ల వల్ల కూడా ఇలాంటిదే జరుగుతుంది. 2003 ఆగస్టు 14న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో కరెంటు మోస్తూ వేడెక్కిన లైన్లు కిందకు సాగి చెట్లకు తగిలాయి, ఆగిపోయాయి. అవి మోసే కరెంటు పక్క లైన్ల మీద పడి అవీ ఆగాయి. కంట్రోల్ రూములో హెచ్చరించాల్సిన సాఫ్ట్‌వేర్ పనిచేయకపోవడంతో సిబ్బందికి సంగతి సమయానికి తెలియలేదు. చివరికి అమెరికా, కెనడాల్లో కలిపి సుమారు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. మొదలు చూస్తే కొమ్మలు కొట్టకుండా వదిలేసిన చెట్లు.

ప్రశ్న: ఛార్జర్ ప్లగ్గులో ఊరికే ఉంచితే యూనిట్లు కాలతాయా?

ఫోను లేకుండా ఉంటే చాలా కొద్దిగా. ఇప్పటి మంచి ఛార్జర్లు 0.1 వాట్ చుట్టుపక్కలే లాగుతాయి, ఏడాది పొడవునా ఉంచినా 1 యూనిట్ లోపే. దాని మీద పెట్టే ధ్యాస గీజర్ మీద పెట్టండి.

ప్రశ్న: మా ఇంట్లో మంచి ఎంసీబీలు ఉన్నాయి. ఇక ఎర్త్ తీగ లేకపోయినా పర్వాలేదని పనిచేసేవాళ్లు అంటున్నారు. నిజమేనా?

నిజం కాదు, దయచేసి ఒప్పుకోవద్దు. ఎంసీబీ అంటే కరెంటు మరీ ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్. 16 ఆంపియర్ల ఎంసీబీ తీగలను కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషి ఒంట్లోంచి 0.1 ఆంపియర్ పోయినా గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. 16కి అలవాటైన ఎంసీబీకి ఆ 0.1 లెక్కలోకే రాదు, కదలదు.

ఎర్త్ చేసే పని ఇది: గీజర్ లోపల తీగ తెగి రేకుకు తగిలిందనుకోండి, ఎర్త్ సరిగా ఉంటే పెద్ద కరెంటు ఆ తీగ గుండా వెనక్కి పోతుంది, దాంతో ఎంసీబీ వెంటనే పడిపోతుంది. ఎర్త్ లేకపోతే ఏమీ జరగదు, రేకు 230 వోల్టులతో మౌనంగా ఉంటుంది, తడి చేత్తో ఎవరో ముట్టుకునేదాకా. తీగ మీద పక్షికి ఏమీ కాదు కదా అని కొందరు రాశారు. పక్షి రెండు కాళ్లూ ఒకే తీగ మీద ఉంటాయి, కాళ్ల మధ్య ఓల్టేజీ తేడా లేనట్టే. మనం నేల మీద నిలబడి ముట్టుకుంటాం, తేడా మొత్తం మన ఒంటి మీదే పడుతుంది.

ఎర్త్‌తో పాటు ఆర్‌సీసీబీ కూడా పెట్టించండి. ఫేజులో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా అని అది ఎప్పుడూ పోల్చి చూస్తుంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చిందంటే, ఎవరి ఒంట్లోంచో నేలలోకి పోతోందని అనుకుని క్షణంలో ఆపేస్తుంది. దాని మీద టెస్ట్ అని ఒక బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి పడిపోతోందో లేదో చూడండి. పడకపోతే ఆ రోజే మార్పించండి.